స్కడ్డరు దంపతుల ప్రస్థానము

ఇల్లు విడిచిపోవుట మన వాఙ్మయమునకుఁ గొత్తది కాదు. సిద్ధార్థుఁడు నిద్రించుచున్న భార్యను, బిడ్డను మేల్కొలుపకయే నిష్క్రమించెను. శంకరభగవత్పాదులు సన్న్యసింపఁగోరి తల్లి యనుజ్ఞకై వేచియుండిరనియు, మొసలి కాలు పట్టినవేళఁ గాని యది లభింపలేదనియు ఐతిహ్యము. యాజ్ఞవల్క్యుఁడు వెడలుటకు ముందు మైత్రేయినిఁ బిలిచి, కాత్యాయనికిని ఆమెకును ధనము పంచి యిత్తునని చెప్పెను. ఆమె ధనము వలదని వేఱొకటి యడిగెను. ఈ మూఁడు కథలలోను బోవువాఁ డొక్కఁడే. నిలిచిపోవువారి సమ్మతి నొకఁ డడుగలేదు. ఒకఁడు కష్టముతోఁ బొందెను. ఒకఁడు చెప్పఁబోయి యెదురుప్రశ్నకు గుఱియయ్యెను. వానప్రస్థమున భార్యయు వెంటఁ బోవచ్చునుగాని, అప్పటికిఁ గొడుకులు గృహస్థులై యుందురు, మనుమలు పుట్టియుందురు. పసిబిడ్డను చంక నిడుకొని, తిరిగివచ్చు తలంపు లేక, సముద్రము దాఁటి పరదేశమునకు మతబోధార్థము కుటుంబము కుటుంబముగాఁ బోవుటకు మన శాస్త్రములలో నాశ్రమము లేదు. పందొమ్మిదవ శతాబ్దమునఁ గ్రైస్తవులలో నట్టి యాచారము ప్రబలెను. అట్లు వచ్చినవారిలో నొక కుటుంబమును గూర్చియు, అందు ముఖ్యముగా నా యింటి యిల్లాలిని గూర్చియు విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగా నొక పదవిచారము. మిషనరి యను మాట లాటినుభాషలోఁ బంపుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. సంస్కృతమున దానికి సరియైన మాట 'ప్రేషితుఁడు'. ఇందుఁ బ్రత్యయము కర్మార్థమున వచ్చినది. మన 'ప్రవ్రాజకుఁడు' కర్త్రర్థకము, తానై వెడలువాఁడు. పంపఁబడినవాఁ డన్నచోఁ బంపినవాఁ డెవఁడను నాకాంక్ష కలుగును. దైవము పంపెనని వారందురు. లౌకికముగాఁ జూచినచోఁ బంపినది 1810లో స్థాపితమై బోస్టను నగరమునుండి వ్యవహరించిన అమెరికను బోర్డు అను సంఘము. ఆ సంఘపుఁ బట్టికలలో భర్త మిషనరి, భార్య 'సహాయ మిషనరి'. పంపఁబడినవాని వెంటఁ బోవు నామె కర్తయా, కర్మయా, లేక యుపపదమాత్రమా యను ప్రశ్నకు ఆ పట్టిక యింతకంటె సమాధాన మీయదు.

జాన్ స్కడ్డరు 1793లో న్యూజెర్సీ రాష్ట్రమందలి ఫ్రీహోల్డు పట్టణమునఁ బుట్టెను. తండ్రి న్యాయవాది. కుమారుఁడు 1811లోఁ బ్రిన్స్టను కళాశాలలోఁ జదువు ముగించి మతాచార్యుఁడు కాఁగోరెనుగాని తండ్రి యందుల కంగీకరింపలేదు. అందుచే వైద్యము చదివెను. న్యూయార్కు నగరమున వాటర్బరీ అను కుటుంబమువారి యింట బసచేసి వృత్తి నారంభించి, 1816లో నా యింటి కూఁతురు హారియట్టును వివాహమాడెను. వృత్తి శీఘ్రముగ వృద్ధిఁ బొందెను. రోగులు పెరిగిరి, రాఁబడి పెరిగెను, ఒక యాఁడుబిడ్డ కలిగెను. ఇర్వదియైదేండ్ల వైద్యునకు, అందు నమెరికాలోఁ బెద్ద నగరమున, ఇంతకంటె నిశ్చింతయైన స్థితిని కోరుకొనుట కష్టము.

ఒకనాఁడు రోగిణియైన యొక స్త్రీని జూడఁబోయి ముందుగదిలో వేచియుండఁగా నచ్చట నొక చిన్న పుస్తకము కనఁబడెను. దాని పేరు 'లోకపరివర్తనము, లేదా అఱువదికోట్ల జనుల హక్కు' అని తెనుఁగు చేయవచ్చును. 1818లో వెలువడిన యా పుస్తకమును వ్రాసినవారు బొంబాయిలోనున్న గోర్డను హాలు, సామ్యూలు న్యూయెలు అను నిద్దఱు అమెరికను మిషనరులు. క్రీస్తునామ మెఱుఁగని జనులు లోకమున నఱువదికోట్లు కలరనియు, వారికిఁ జెప్పుట కెవరు పోవుదురనియు దాని సారాంశము. స్కడ్డరు దానిని ఎరువు తెచ్చుకొని యింటికిఁ గొనిపోయి మరలమరలఁ జదివి, తాను పోవలెనని నిశ్చయించుకొనెను.

ఇచ్చట నొక్కమాట చెప్పక తప్పదు. ఆ పుస్తకకర్తలలో నొకఁడైన న్యూయెలు 1812లోఁ దన భార్య హారియట్టుతోఁ గలకత్తా చేరెను. కుంఫిణీవారు వారిని నిలువనీయక వెడలఁగొట్టిరి. మారిషసుదీవికిఁ బోవు దారిలో నామె ప్రసవించెను; శిశువు నడిసముద్రమున మరణించెను; ఆ సంవత్సరము నవంబరులో మారిషసులో నామెయు మరణించెను. అప్పటి కామెకుఁ బందొమ్మిదేండ్లు. అఱువదికోట్లను లెక్కించిన చేతులలో నొకటి, అంతకు నాఱేండ్లకు ముందు, ఈ రెండింటిని లెక్కించిన చెయ్యి. ఆమె జీవితచరిత్ర యచ్చుపడి అమెరికా స్త్రీలలో విరివిగాఁ జదువఁబడెను. కాఁబట్టి 1819లో నోడ యెక్కిన స్త్రీ తన ముందున్నదేమో యెఱుఁగక యెక్కినదని చెప్పుటకు వీలులేదు. స్కడ్డరుభార్య పేరును హారియట్టే.

భర్త తన సంకల్పమును భార్యకుఁ జెప్పి, యామెను బ్రార్థించి యాలోచింపుమని కోరెననియు, ఆమె సమ్మతించెననియుఁ జెప్పుదురు. చరిత్రకారులు దీనినిఁ గొలఁది మాటలలో ముగించి ముందునకు సాఁగుదురు. యాజ్ఞవల్క్యునకు మైత్రేయి వేసిన ప్రశ్న మనకు నిలిచియున్నది. హారియట్టు వేసిన ప్రశ్న నిలువలేదు. తండ్రి మాత్రము తీవ్రముగా వ్యతిరేకించెను. కొడుకు ఆచార్యుఁడు కారాదనియే వైద్యము చెప్పించిన తండ్రికి, ఆ వైద్యమే కొడుకును భూమి యావలికిఁ గొనిపోవు సాధనమగుట యెంత బాధాకరమో యూహింపవచ్చును. వైద్యము తెలిసిన మిషనరి కావలెనని బోర్డువా రప్పటికే వెదకుచుండిరి.

1819 జూను 8వ తేదిని బోస్టను రేవున 'ఇండస్' అను నోడ బయలుదేఱెను. అందు స్కడ్డరు దంపతులతోఁ గూడ మైరను విన్స్లో, లీవై స్పాల్డింగు, హెన్రీ వుడ్వర్డు అనువారును వారి భార్యలును గలరు. మన పండితులకు విన్స్లో పేరు తెలియకపోదు. 1862లో వెలువడిన గొప్ప తమిళనిఘంటు వాయన పేరనే ప్రసిద్ధము. స్కడ్డరు దంపతులతో నున్నది రెండేండ్ల కూఁతురు మరియా. నాలుగునెలలు కడలిమీఁద గడచినవి. అక్టోబరులోఁ గలకత్తా చేరిరి. చేరిన కొలఁదిదినములకే మరియా జబ్బుపడి మరణించెను. తండ్రి వైద్యుఁడు, న్యూయార్కులో నెందఱి బిడ్డలనో బ్రదికించినవాఁడు, ఆ విద్య యిచ్చటి జ్వరమునకుఁ జాలలేదు. గమ్యస్థాన మింకను జేరలేదు, ఒక్క మాటయు బోధింపలేదు, ఒక్క రోగికిని మందీయలేదు. ఇల్లు విడిచినందులకు మొదటి వెల యప్పటికే చెల్లిపోయెను. చెల్లించినది సమ్మతి యడుగఁబడని ప్రాణి. మఱుసటి సంవత్సరారంభమున జాఫ్నాలో రెండవ శిశువును బోయెను.

వారి గమ్యస్థానము యాళ్పాణమని తమిళులు పిలుచు నీ జాఫ్నాయే. అమెరికనులు కుంఫిణీరాజ్యమున నిలువఁజాలక, సింహళద్వీపమున బ్రిటిషు గవర్నరు అనుగ్రహమున 1816లో నచ్చట స్థానము పొందిరి. దేశచరిత్ర చదివినవారి కిచ్చట వేఱొక ప్రస్థానము తలఁపునకు రాకపోదు. అశోకుని కొడుకు మహేంద్రుఁడును, కూఁతురు సంఘమిత్రయు ధర్మప్రచారమునకై యా ద్వీపమునకే పోయిరని మహావంశము చెప్పుచున్నది. సంఘమిత్ర బోధివృక్షపు శాఖతో దిగిన జంబుకోళము జాఫ్నా ద్వీపకల్పమందలిదే యని చరిత్రజ్ఞులు తలఁతురు. వారును నొక యింటివారే, రాజభవనము విడిచినవారే. కాని యిద్దఱును భిక్షువ్రతము పూనిరి. ఇల్లు విడిచినవారు మరల నిల్లు కట్టుకొనలేదు. స్కడ్డరు దంపతులు ఇల్లు విడిచివచ్చి పరదేశమున మరల నింటినే కట్టవలసివచ్చెను. వంట, పురుడు, బిడ్డలచదువు, రోగము, మరణము, అన్నియు నా కొత్తయింటిలోనే.

1820లో స్కడ్డరు అచ్చటనే మతాచార్యుఁడుగా నభిషిక్తుఁడై పండత్తరిప్పు అను గ్రామమునఁ గాపుర ముండెను. అమెరికానుండి విదేశమునకుఁ బోయిన మిషనరి వైద్యులలో నితఁడే ప్రథముఁడు. తండ్రి నిషేధించిన పదవియు, విధించిన విద్యయు నొక్కచోటఁ గలిసినవి. ఉదయము రోగులకు మందిచ్చుట, పాఠశాలలఁ జూచుట, ఊరూరఁ దిరిగి బోధించుట: ఇట్లు పదునాఱేండ్లు గడచెను. హారియట్టు పదునాలుగురు బిడ్డలఁ గన్నది. పెరిగి పెద్దవారైనవారు పదిమందికి మించలేదు. అమెరికావారి పిల్లలు అచ్చట వయస్సు వచ్చువఱకు నుండరాదను భయముచే, కొడుకులను బాల్యముననే యోడ యెక్కించి స్వదేశమునకుఁ జదువులకై పంపుచుండిరి. పెద్దకొడుకు హెన్రీ మార్టిన్ను 1822లోఁ బుట్టి, చిన్ననాఁడే తల్లిని విడిచిపోయెను. ఒక యుత్తరము పోవుటకు నాలుగైదు నెలలు, ప్రత్యుత్తరము వచ్చుటకు మఱి నాలుగైదు నెలలు. మనలో బిడ్డను గురుకులమునకుఁ బంపిన తల్లి ఊరివెలుపలఁ గన్నీరు తుడుచుకొని తిరిగివచ్చును; సంక్రాంతికి వాఁడు వచ్చునని తెలియును. ఈ తల్లికి అట్టి సంక్రాంతి లేదు. ప్రతిబిడ్డ పుట్టినదినమును ఆమె ప్రార్థనలో గడపెడిదని కుటుంబమువారు చెప్పుకొనుచుండిరి.

ఓడలోఁ గూడవచ్చిన స్త్రీలలో విన్స్లోభార్య పేరును హారియట్టే. ఆమె 1824లో ఉడువిల్ గ్రామమున బాలికలకు వసతిపాఠశాల స్థాపించి, 1833లో నచ్చటనే మరణించెను. ఆ పాఠశాల తరువాతియుఁ బ్రసిద్ధమై నిలిచినది. ఈమె పేరు చరిత్రలో నిలుచుట కది యాధారము. స్కడ్డరు భార్యకు నట్టి కట్టడ మేదియు లేదు.

వ్యాకరణమున ఏకశేషమను ప్రక్రియ కలదు. తల్లియు దండ్రియు నని చెప్పవలసినచోఁ దండ్రిమాటయే నిలిచి 'పితరౌ' అగును. నిలిచిన పదము లోపించినదాని యర్థమును గూడఁ జెప్పును. నా గురువులు దీనిని బోధించునపుడు రెండు విషయములు నొక్కి చెప్పెడివారు. మాతృశబ్దము పోయినను ద్వివచనము పోలేదు; రెండవ వ్యక్తి కలదనుటకు విభక్తియే సాక్షి. మఱియు నీ విధి నిత్యము కాదు, వికల్పము. ఇష్టమున్నవాఁడు 'మాతాపితరౌ' అనియే యనవచ్చును. చరిత్రకారుల యేకశేషము దీనికంటెఁ గఠినమైనది. వారు 'స్కడ్డరు 1819లో నిండియాకు బయలుదేఱెను' అని వ్రాయుదురు. ద్వివచనమును బోయెను, వికల్పమును బోయెను. 1870లో న్యూయార్కులో వెలువడిన జాన్ స్కడ్డరు జీవితచరిత్రను వ్రాసినది హారియట్టు సోదరుఁడే. తోఁబుట్టినవాఁడు వ్రాసినను గ్రంథముమీఁద నిలిచిన పేరు బావగారిది. నేనాయనను నిందింపను, ఆ కాలపు రచనాసంప్రదాయ మట్టిది, మనదియు నట్టిదే. మన కవిజీవితములలోఁ గవిభార్యల పేర్లు వెదకినవారికి నా మాట తెలియును.

తర్కము చదివిన మిత్రులొకరు ఈ వ్యాసపుఁ జిత్తుప్రతిని విని, 'మన ధర్మమును మాన్పింపవచ్చినవారి కష్టములను మనమేల కొలుచుచుంటిమి?' అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనది. ఆ యఱువదికోట్లలో మన ముత్తాతలును గలరు. వారు వేదము చదివిరి, భాష్యములు వ్రాసిరి, భాగవతము పాడుకొనిరి. ఆ పుస్తకము దృష్టిలో వారందఱు చీఁకటిలోనివారు. ఆ లెక్కను నేనంగీకరింపను. మఱియు, ఇచ్చట వారి జీవితము కేవల దారిద్ర్యమును కాదు: పరిచారకు లుండిరి, తెల్లదొరతనపు నీడ యుండెను, ఊరివారు దొరగారనియు దొరసానమ్మగారనియు వంగి నమస్కరించెడివారు. వదలివచ్చిన సౌఖ్యమునకు బదులుగా నొక యధికారము లభించెననుటయు నిజమే. కాని మరియా మరణమును ఆ యధికారము మాన్పలేదు, పెద్దకొడుకు వియోగమును మాన్పలేదు. హేతువు దుష్టమైనంత మాత్రమునఁ జేసినక్రియ లేకపోదు. ప్రతిజ్ఞ నొప్పుకొనకయే దాని కొఱకుఁ జెల్లించిన వెలను గణించుట చరిత్రకారుని పని. మిత్రులు పూర్తిగా సమాధానపడలేదు; నేనును వారిని నిర్బంధింపలేదు.

1836లో స్కడ్డరును విన్స్లోయును మద్రాసునకు మాఱి యచ్చట ముద్రణాలయమును నెలకొల్పిరి. 1842 మొదలు 1846 వఱకు స్కడ్డరు అమెరికాలోఁ దిరిగి, ముఖ్యముగాఁ బిల్లల సభలలో, ఇండియాకుఁ బోవలసినదని ప్రబోధించెను. 1849 నవంబరులో హారియట్టు మద్రాసులో మరణించెను. భర్త 1855 జనవరిలో దక్షిణాఫ్రికాయందలి వైన్బర్గులో, ఆరోగ్యార్థము పోయినచోట మరణించెను. కూఁతురు కలకత్తాలో, తల్లి మద్రాసులో, తండ్రి గుడ్‌హోపు అగ్రమువద్ద.

వారి కొడుకులలో నేడుగురు, కూఁతుండ్ర యిద్దఱు ఈ దేశమునకే పనికై తిరిగివచ్చిరి. 1853లో హెన్రీ మార్టిన్ను, విలియము, జోసెఫు అనువారు ఆర్కాటు మిషనును స్థాపించిరి. చిత్తూరు దాని మొదటి స్థానములలో నొకటి. 1911లోఁ జిత్తూరుజిల్లా యేర్పడువఱకు నా పట్టణ ముత్తరార్కాటు జిల్లాలోనిదగుటచే, అఱవ తెలుఁగు రెండును దెలియక యచ్చటఁ బని సాఁగదు. ఇంగ్లీషు పాఠశాలలమీఁద నాధారపడక దేశభాషలలోనే బోధింపవలెనని యా సోదరులు మొదట నిర్ణయించుకొనిరి. మత మెట్లున్నను భాషావిషయమున నీ నిర్ణయము మెచ్చఁదగినది.

ఆ మిషనునకే 1859 చివర నమెరికా విడిచి భార్య షార్లటుతో జేకబు చేంబర్లేను వచ్చెను. పలమనేరునఁ దెలుఁగు నేర్చి, 1863లో మదనపల్లెఁ జేరి, తెలుఁగు బైబిలు సంస్కరణసంఘమున కధ్యక్షుఁడై, 1908లో మదనపల్లెయందే మరణించెను. బందరువారికి దగ్గఱి దృష్టాంతము వేఱొకటి కలదు. ఆక్సుఫర్డులోఁ జదివిన హెన్రీ వాట్సను ఫాక్సు 1841లో భార్య ఎలిజబెత్తుతో బందరు వచ్చెను. అతనితోఁ గూడవచ్చిన రాబర్టు నోబిలు బ్రహ్మచారి. నోబిలు 1865లో మరణించువఱకు నొక్కసారియైనను స్వదేశమునకుఁ బోలేదు. ఆయన పేరిట కళాశాల నిలిచినది. ఫాక్సు భార్య 1845లో, స్వదేశమునకు మరలు నోడ మద్రాసు రేవు విడుచుసరికే మరణించెను. ఫాక్సు ఇంగ్లండు చేరి, భార్య లేక మరల వచ్చి, ఆరోగ్యము చెడి తిరిగిపోయి 1848లోఁ గాలధర్మము నొందెను. బందరులోఁ బుట్టిన వారి కుమారుఁడు తరువాత నా మిషను సంఘమునకే కార్యదర్శి యయ్యెను. గృహస్థునకును బ్రహ్మచారికిని ఒకే పని యొప్పగించినపుడు వెల యొకటి కాదనుట కింతకంటె స్పష్టమైన యుదాహరణము తెలుఁగుదేశమున నాకుఁ గనఁబడలేదు.

స్కడ్డరు కొడుకులలోఁ గడపటివాఁడైన జాన్ భార్య సోఫియాతో 1861లో వచ్చెను. వారి కూఁతురు ఐడా 1870లో రాణిపేటలోఁ బుట్టెను. బాల్యమునఁ గఱవు చూచినది. పిదప నమెరికాలో విడువఁబడి, తల్లిదండ్రులు సముద్రమున కీవల నుండఁగాఁ బెరిగినది. ఈ వంశాచారము తనకు వలదని యామె నిశ్చయించుకొనెను. తల్లికి జబ్బుచేసి తిండివనమునకు వచ్చినపు డొక రాత్రి, ప్రసవవేదనపడు ముగ్గురు స్త్రీల భర్తలు ఒకరి తరువాత నొకరు వచ్చి సహాయ మడిగిరి. వైద్యుఁడైన తన తండ్రిని దీసికొనిపొండని యామె చెప్పెను. పురుషవైద్యుని దమ స్త్రీలయొద్దకు రానీయమని వారు పోయిరి. తెల్లవాఱుసరికి మువ్వురు స్త్రీలును మరణించిరి. ఐడా 1899లో వైద్యపట్టము పొంది, 1900లో మరల వచ్చి, వేలూరున నాసుపత్రియు, 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలయు స్థాపించెను. చిత్తూరు సీమవారికి వేలూరనఁగా నేఁడును ఆసుపత్రి యనియే యర్థము. మా మేనత్తకుఁ గన్నులు తెఱపించినదియు నచ్చటనే. ఈ కుటుంబమున నిప్పటివఱకు నాలుగు తరములలో నలువదిమందికిఁ బైగా నిట్లు వచ్చినవారు కలరు. వారిలోఁ దాత చదివిన పుస్తకము పిలుపునఁ గాక, వాకిట నిలిచిన మనుష్యుల పిలుపున వచ్చినది ఐడా యని నా యభిప్రాయము. ఆమె వివాహ మాడలేదు. 1960లో కొడైకెనాలున మరణించెను.

ఐడా తిరిగివచ్చిన యేఁడే తండ్రి మరణించెను. తల్లి సోఫియా అమెరికాకుఁ బోలేదు. వేలూరులోఁ గూఁతురి యింటనే యుండి, రోగులతో వచ్చిన బంధువులను బలుకరించుచు, ఇరువదియైదేండ్లు గడపి 1925లో మరణించెను. ఈ దేశమున నామె జీవించిన కాల మఱువదేండ్లకుఁ బైమాట. ఐడానుగూర్చి గ్రంథములు పెక్కు కలవు. సోఫియానుగూర్చి వానిలో నేను జదివిన పుటలను వ్రేళ్ళమీఁద లెక్కింపవచ్చును.